మాసినవి, ఉతికినవి, ఒకపూట తొడిగినవి

ఆదివారం పొద్దున చాయ్ తాగుతూ మల్లికార్జున్ ఒక పని పెట్టుకున్నాడు. ఆ సంగతి భార్యకు చెప్పకూడదని కూడా అప్పుడే అనుకున్నాడు. చెబితే ఆ పని జరగదని అతనికి బాగా తెలుసు.

స్రవంతి వనపర్తి పోయే తొందరలో ఉంది. చెల్లెలు కాన్పయి మూడు రోజులైంది. ఆడపిల్ల పుట్టింది. బాలింతకు వెల్లుల్లి కారం, పసిబిడ్డకు మెత్తటి పాత గుడ్డలు సంచిలో సర్దుకొని, మంగళవారం సాయంత్రానికల్లా తిరిగొస్తానని అత్తగారికి మూడోసారి చెప్పింది. చెబుతూనే కిటికీ పక్కనున్న నీలం ప్లాస్టిక్ కుర్చీ వైపు ఒకసారి, మొగుడి వైపు ఒకసారి చూసింది.

ఆ కుర్చీలో మనిషి కూర్చోగా చూసినవాళ్ళు ఆ ఇంట్లో లేరు. పిల్లల బట్టలన్నీ దాని మీదే ఉంటాయి. ఉతికి ఆరినవి, విడిచినవి, బడి నుంచి రాగానే మార్చుకొని మళ్ళీ సాయంత్రం తొడుక్కునేవి, అన్నీ ఒకే కుప్ప. వానాకాలంలో ఆ కుప్ప కిటికీ ఊచల్లో రెండోదాన్ని దాటుతుంది. మల్లికార్జున్‌కు అది కంట్లో నలుసు. అతను గద్వాలలో పేరున్న నేతగాడు. మగ్గం మీద ఒక్క పోగు పక్కకు జరిగినా అది సరిచేసేదాకా అన్నం ముట్టడు. అలాంటివాడి మగ్గానికి ఆరడుగుల దూరంలో ఆ కుప్ప ఎనిమిదేళ్ళుగా ఉంది.

"ఇది ఇల్లా, బట్టల అంగడా?" అన్నాడు, ఆ పొద్దున కూడా.

"నీ మగ్గం కాడికొచ్చి నేనేమన్న అంటున్ననా?" అంది స్రవంతి జడ ముడేసుకుంటూ. "ఆ కుర్చీ జోలికి పోకు. ఏదెక్కడుందో నాకు ఎరుకే."

"ఏం ఎరుక? నాకైతే అన్నీ ఒక్క తీరే కనిపిస్తున్నయి."

"నీకు గట్లనే కనిపిస్తయి. రేపటి యూనిఫాం పైన్నే పెట్టిన. పొద్దుగాల తొడిగి ఆటో ఎక్కియ్యి. ఇంకేం చెయ్యకు."

ఆడవాళ్ళకు టికెట్టు లేని బస్సు కోసం ఆధార్ కార్డు చేతిలో పట్టుకొని ఆమె బస్టాండు దారి పట్టింది. వీధి మలుపు తిరిగిందని ఖాయం చేసుకున్నాక మల్లికార్జున్ తలుపు దగ్గరికేసి, కుర్చీని అమాంతం ఎత్తి చాప మీద బోర్లించాడు.

పిల్లలిద్దరూ చప్పట్లు కొట్టారు. యామినికి ఎనిమిదేళ్ళు. తమ్ముడు అఖిలేష్‌కు అయిదు. నాయిన మగ్గం దిగి తమతో చాప మీద కూర్చోవడమే వాళ్ళకు పెద్ద పండుగ.

ముందు పని సులువుగానే సాగింది. బురదంటినవి ఒక పక్కన వేశాడు. మడత నలగనివి ఇంకో పక్కన వేశాడు. పది నిమిషాల్లో అయిపోతుందనుకున్నాడు. అప్పుడు మిగిలాయి అసలైనవి. మాసినట్టు ఉండవు. ఉతికినట్టూ ఉండవు. మల్లికార్జున్ ఒక చొక్కాను వెలుతురుకు పట్టి చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పట్టు నాణ్యం వేలికొసలతో చెప్పగలిగినవాడికి ఆ చొక్కా ఏమీ చెప్పలేదు.

"ఇది మాసిందా, బిడ్డా?"

"లేదు నాయినా. అక్షిత పుట్టినరోజుకు తొడిగిన. కేకు కోసేదాంక," అంది యామిని.

"మరి ఉతికినట్టా?"

"ఉతకలే. కేకు మీద పడలే, అందుకు."

"ఇదో?"

"అది తమ్మునిది. దాంతోని పండుకున్నడు. కానీ నిద్రపోలే."

"పోయిన!" అన్నాడు అఖిలేష్.

"కండ్లు మూసుకున్నవు, అంతే."

మల్లికార్జున్ ఆ బట్టను ఎటు వేయాలో తెలియక ఒళ్ళోనే పెట్టుకున్నాడు. తర్వాత చేతికి ఒక ఆకుపచ్చ గౌను వచ్చింది. శుభ్రంగానే ఉంది కాని, కింది అంచు దగ్గర గోధుమరంగు మచ్చ ఉంది.

"ఇది మాసింది," అన్నాడు ధైర్యంగా.

"కాదు నాయినా, ఉతికిందే. ఆ మరక పోదు. జెండా పండుగ నాడు పరుగుపందెంల పడితే మోకాలు పగిలింది గద, ఆ రక్తం. పడ్డంక గూడ లేచి ఉరికిన. రెండో నంబరు వచ్చిన."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్పిన నాయినా. నువ్వు మగ్గం మీద చీరకు అంచు కలుపుతుంటివి. ఊఁ అన్నవు."

యామిని నిష్ఠూరంగా అనలేదు. వాన పడింది అన్నట్టు మామూలుగా చెప్పింది. మల్లికార్జున్ మాత్రం గౌను అంచు మీది ఆ మచ్చను బొటనవేలితో రుద్ది చూశాడు. మగ్గం గుంట నుంచి ఈ చాప దాకా ఆరడుగులు. ఆ ఆరడుగుల అవతల తన బిడ్డ పడింది, లేచింది, ఉరికింది, గెలిచింది. తాను ఊఁ అన్నాడు. ఇకమీదట పిల్లల బట్టల్లో ఏది ఏ రోజుదో, ఎందుకు మాసిందో తనకూ తెలియాలి అనుకున్నాడు. అలా తెలియాలంటే ఒక పద్ధతి ఉండాలి. పద్ధతంటే నేతగాడికి తోచేది దారమే.

మగ్గం దగ్గర మిగిలిన పోగుల్లోంచి తెలుపు తెచ్చాడు, పసుపు తెచ్చాడు. ఉతికినవాటికి తెల్లదారం. ఒకపూట తొడిగి మళ్ళీ తొడగదగ్గవాటికి పసుపు దారం. మాసినవాటికి ఎరుపు. మగ్గంలో ఎరుపు మిగల్లేదు కాబట్టి, మిఠాయి పొట్లాలకు కట్టే ఎర్రదారం ఉండ ఒకటి అటక మీద ఉంటే దించాడు. ముగ్గురూ కూర్చొని ప్రతి బట్ట గుండీ కాజాకో, నాడాకో ఒక్కొక్క దారం ముడి వేశారు. మొత్తం ముప్పై ఏడు బట్టలు. అఖిలేష్ మారాం చేస్తే వాడి మణికట్టుకూ ఒక పసుపు దారం కట్టాడు. సాయంత్రానికి కుర్చీ మీద మూడు దొంతులు నిటారుగా నిలబడ్డాయి. మల్లికార్జున్ ఫోనులో ఫోటో తీసుకున్నాడు. స్రవంతికి పంపబోయి, వచ్చాక కళ్ళారా చూడనీలే అని ఆగిపోయాడు.

తల్లి సుభద్రమ్మకు మాత్రం చెప్పాడు. ఆమె టీవీ సీరియల్లో మునిగి ఉంది. అందులో కోడలు మెట్ల మీంచి జారి పడబోతున్న ఘట్టం.

"అమ్మా, బట్టలకు దారాలు కట్టిన. చూసి ఉతుకుదాం. ఇంటున్నవా?"

"ఆఁ, ఇంటున్న. దారాలు కట్టినవి ఉతుకాలె. గట్లనే," అంది ఆమె టీవీ మీంచి చూపు తిప్పకుండా.

ఆ మాటలో తేడా మల్లికార్జున్‌కు పట్టలేదు. సుభద్రమ్మ తప్పూ లేదు. ఆమె కాలంలో బట్టలుతికే నర్సమ్మ ఇంటింటి బట్టలకూ ఒక్కో తీరు దారం ముడేసి రేవుకు తీసుకుపోయేది. దారం కట్టిన బట్టంటే ఉతుక్కు పోయే బట్టే. ఇందులో మూడు రంగుల ముచ్చట ఉంటుందని ఆమె కలలో కూడా అనుకోలేదు.

సోమవారం మల్లికార్జున్‌కు మెలకువ వచ్చేసరికి ఏడయింది. బయట ముసురు పట్టింది. పెరట్లోంచి నీళ్ళ చప్పుడు వినబడుతోంది. కుర్చీ ఖాళీగా ఉంది. అంత ఖాళీగా దాన్ని చూడటం అతనికి అదే మొదటిసారి కావడంతో, ముందు ఒక క్షణం సంతోషమే కలిగింది.

పెరట్లో సుభద్రమ్మ చీర కుచ్చెళ్ళు పైకి దోపుకొని పెద్ద తొట్టి పక్కన పీట మీద కూర్చొని ఉంది. కట్టెల పొయ్యి మీద కాగిన నీళ్ళన్నీ తొట్లోకి చేరాయి. ముప్పై ఏడు బట్టలూ అందులోనే ఉన్నాయి. పిల్లలకు స్నానాలు చేయించి, రాత్రి తొడుక్కున్నవి కూడా విప్పి అందులోనే వేసింది. పిల్లలిద్దరూ తువ్వాళ్ళు చుట్టుకొని చూరు కింద నిలబడి అవ్వ పనితనం చూస్తున్నారు.

"లేచినవా కొడుకా? అన్నీ నానబెట్టిన. కోడలొచ్చే వరకు ఒక్క మాసింది ఉండొద్దు. పాపం, దానికి గూడ ఎన్నని పనులు!" అంది సుభద్రమ్మ. నాలుగు గంటలకే లేచిందట. ముఖం వెలిగిపోతోంది.

తొట్లో నీళ్ళు మాత్రం గులాబీ షర్బత్‌లా ఉన్నాయి. మల్లికార్జున్ వంగి చేయి పెట్టి యూనిఫాం చొక్కా పైకి తీశాడు. నిన్నటిదాకా అది తెల్లచొక్కా. ఇప్పుడు దాని కాలరుకు పక్క బట్ట నుంచి ఊడిన మిఠాయి పొట్లం దారం చుట్టుకొని, అందులోంచి ఎరుపు ఇంకా చుక్కలు చుక్కలుగా కారుతోంది. తమ మగ్గం మీద నేసిన చీర నూరు ఉతుకులకైనా రంగు దిగదని ముప్పై ఏళ్ళుగా చెప్పుకునే ఇల్లది.

తల్లి ముఖం చూశాడు. చొక్కాను మెల్లగా మళ్ళీ తొట్లోకి జారవిడిచాడు.

"మంచిగ చేసినవమ్మా. జర లేచి చాయ్ తాగు. మిగిలింది నేను పిండుత," అన్నాడు.

ఎనిమిదింబావుకు వీధిలో సతీష్ ఆటో హారను మోగింది. ఆ వీధి పిల్లలందరినీ బడికి తీసుకుపోయేది అతనే. మల్లికార్జున్ తడి చేతులతోనే వాకిట్లోకి పోయాడు.

"పిల్లలు ఇయ్యాల రారు సతీష్."

"ఏమైందన్నా?"

ఇక్కడే మల్లికార్జున్ తడబడ్డాడు. నిజం చెబితే ఒక్క మాటతో పోయేది. కాని అతను నేతగాడు. ఊరూరికీ బట్ట నేసి పంపేవాడి ఇంట్లో పిల్లలకు తొడుక్కోను బట్టలేదని ఏ నోటితో చెప్పాలి?

"జర ఒంట్ల బాగలేదు," అన్నాడు.

"ఇద్దరికా?"

"ఇద్దరికి."

"జ్వరమా అన్నా?"

"ఆఁ... గట్లనే అనుకో."

సతీష్ మంచివాడు. కష్టం వింటే కడుపులో దాచుకోలేడు. రెండు గడపల అవతల నిరోష కొడుకు వినయ్‌ని ఎక్కించుకుంటూ, "యామినోళ్ళకు జ్వరమంట అక్కా, ఇద్దరికి," అన్నాడు. ఆ తర్వాతి ఇంటి ముందు, "బాగ జ్వరమంట," అన్నాడు. వీధి చివరికొచ్చేసరికి పిల్లలు మంచం పట్టారు.

మల్లికార్జున్‌కు ఇవేమీ తెలియవు. రెండు బనియన్లను గట్టిగా పిండి, ఇస్త్రీ పెట్టె ఆనించి సగం ఆరబెట్టి, ఆ సగం తడివే పిల్లలకు తొడిగాడు. నిక్కర్లు లేవు కాబట్టి ఇద్దరికీ చెరో దుప్పటి చుట్టి మంచం మీద కూర్చోబెట్టాడు. "నేనొచ్చేదాంక దిగొద్దు," అని చెప్పి, గొడుగు తీసుకొని, స్రవంతి వచ్చేలోపు కొత్త యూనిఫాంలు కొనాలని బజారుకు పోయాడు. రెండు దుకాణాలు ఇంకా తెరవలేదు. మూడోది తెరిచేదాకా కాచుకుంటే, అందులో కొలతలు అడిగారు. కొలతలు అతనికి తెలియవు. చీర పొడవు అడిగితే నిద్రలో అయినా చెబుతాడు. చివరికి అఖిలేష్ తన నడుము దాకా వస్తాడని చేత్తో చూపించాడు.

"అయిదేండ్ల పోరడా?" అన్నాడు దుకాణదారు.

"ఆఁ, అయిదే," అన్నాడు మల్లికార్జున్, ఆ ఒక్కటి తెలిసినందుకు సంబరపడుతూ.

అతను బజారులో ఉన్న రెండున్నర గంటల్లో ఇంట్లో ఏమేం జరిగిందో తర్వాత ముక్కలు ముక్కలుగా తెలిసింది. ముందు నిరోష వచ్చింది, బ్రెడ్డు పాకెట్టు, పాల గ్లాసు పట్టుకొని. పిల్లలు మెడదాకా దుప్పట్లు కప్పుకొని ఉన్నారు. ముసురు ఉక్కకు ముఖాలు ఎర్రబడి చెమటలు పట్టాయి.

"జ్వరం ఎప్పటిసంది పెద్దమ్మా?" అని సుభద్రమ్మను అడిగింది.

సుభద్రమ్మ చేతిలో చాయ్ గ్లాసు ఆగిపోయింది. "జ్వరమా? నాకు చెప్పలేదే!" అంది. మరుక్షణమే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నేను పరేషాన్ అయితనని చెప్పలేదు నా కొడుకు. పొద్దుగాల గూడ మంచిగ చేసినవమ్మా అని లేపి కూసోబెట్టిండు. అప్పుడే అనుకున్న, ఏదో ఉన్నదని. అయ్యో, జ్వరమున్న పిల్లలకు తలస్నానం చేయిస్తినే!"

నిరోష పోయి వీధికి పెద్దదిక్కయిన జమ్ములమ్మను పిలుచుకొచ్చింది. జమ్ములమ్మ చేయి పడితే దిగని దిష్టి లేదని పేరు. ఆమె అఖిలేష్ నుదురు ముట్టుకుంది. దుప్పట్లో ఉడికిన నుదురు కాబట్టి వేడిగానే ఉంది. బనియను పైకెత్తింది. వీపంతా ఎర్రగా, అక్కడక్కడ గుండ్రంగా, అక్కడక్కడ చారలుగా ఉంది. యామిని వీపూ అంతే. జమ్ములమ్మ రెండు చేతులూ జోడించింది.

"తల్లి వచ్చింది. అమ్మ పోసింది పిల్లలకు."

"జమ్ములవ్వా, అది రంగు," అంది యామిని.

"రంగే బిడ్డా. తల్లి రంగే."

"కాదవ్వా, బనియన్..."

"మాట్లాడకు బిడ్డా, గొంతు నొస్తది."

అప్పుడే జమ్ములమ్మ కంట అఖిలేష్ మణికట్టు మీది పసుపు దారం పడింది. "చూసిన్రా? తండ్రికి ముందే ఎరుక. దారం గూడ కట్టించిండు," అంది.

"అవును!" అంది సుభద్రమ్మ గుండె బాదుకుంటూ. "నిన్న పొద్దంత కూసోని ప్రతి బట్టకు దారం కట్టిండు. ముప్పై ఏడు! ఒక్కటి గూడ ఇడ్వలే. నేను టీవీ చూసుకుంట కూసుంటి."

ఇక అనుమానానికి తావు లేకపోయింది. గడపకు వేపమండలు ఎక్కాయి. నిరోష ఫోను తీసి, వీధి అమ్మల గ్రూపులో జమ్ములమ్మ చెప్పినదంతా వాయిస్ పెట్టింది: ఇది అంటుకునే జబ్బు, ఇంటింటికీ పిల్లల బట్టలన్నీ, బీరువాలోవి కూడా, పసుపు, వేపాకు వేసి మరిగిన నీళ్ళలో నానబెట్టాలి, ఒక్కటి కూడా వదలొద్దు. తర్వాత స్రవంతికి ఫోను కలిపింది.

"అక్కా, నువ్వైతే పరేషాన్ గాకు," అని మొదలుపెట్టింది. అలా మొదలైన ఫోను విని పరేషాన్ కాని తల్లి ఎవరుంటారు? మిగతా మాటలు స్రవంతి వినలేదు. చెప్పుల్లో కాళ్ళు దూర్చుకొని వనపర్తి బస్టాండుకు పరుగెత్తింది.

మల్లికార్జున్ యూనిఫాంల సంచి చంకలో పెట్టుకొని వీధిలోకి తిరిగేసరికి తన ఇంటి ముందు ఏడెనిమిది గొడుగులున్నాయి. గడపకు వేపమండలున్నాయి. తల్లికి ఏమైందో అనుకున్నాడు. కాని తల్లే ఎదురొచ్చి అతన్ని పట్టుకొని బావురుమంది.

"ఒక్కనివే మోసినవా కొడుకా గింత కష్టం?"

అతనికేమీ అర్థం కాలేదు. జమ్ములమ్మ అతన్ని మంచం దగ్గరికి తీసుకుపోయి అఖిలేష్ బనియను ఎత్తి చూపించింది.

ఆ ఎరుపు చూడగానే మల్లికార్జున్‌కు కళ్ళు తిరిగాయి. పొద్దున తొట్లో చూసిన ఎరుపు అతనికి గుర్తు రాలేదు. బిడ్డ వీపు మీద చూసేటప్పుడు ఎరుపు వేరేగా ఉంటుంది. అతనికి గుర్తొచ్చింది ఒక్కటే: సతీష్‌తో ఆడిన అబద్ధం. లేని జ్వరాన్ని పిల్లల మీద పెట్టాడు. దేవుడు అది విన్నాడు. నిజం చేశాడు. అతను మంచం పక్కన కూలబడి ఇద్దరి కాళ్ళూ పట్టుకున్నాడు.

"నాయినా, ఏడుస్తున్నవా?" అన్నాడు అఖిలేష్ ఆశ్చర్యంగా. వాడి చేతిలో నిరోష ఇచ్చిన బ్రెడ్డు ముక్క ఉంది.

"లేదు బిడ్డా. నొస్తుందా ఏడన్న?"

"కడుపుల నొస్తుంది," అన్నాడు వాడు. పొద్దటి నుంచి ఆరు బ్రెడ్డు ముక్కలు తిన్నాడు మరి.

"నాయినా, నేను చెప్పేది జర ఇను..." అంది యామిని.

"తర్వాత చెప్పు తల్లీ. దవాఖానకు పోదాం. ఫస్టు దవాఖానకు పోదాం," అని మల్లికార్జున్ కొత్త యూనిఫాంలు బయటికి తీశాడు. ఈ సమయంలో కొత్తబట్టలు కట్టకూడదని జమ్ములమ్మ వాటిని గుంజుకొని గూట్లో పెట్టేసింది. బడి దగ్గర పిల్లల్ని దించి తిరిగొచ్చిన సతీష్ ఆటో వీధిలోనే ఉంది. మల్లికార్జున్ ఇద్దరినీ దుప్పట్లతో సహా చెరో భుజానికి ఎత్తుకున్నాడు. సుభద్రమ్మ వెనకాలే గొడుగు పట్టింది. ఆ గొడుగు పిల్లలకూ అందలేదు, కొడుక్కూ అందలేదు.

సరిగ్గా అప్పుడే వీధి మొదట్లో ఇంకో ఆటో ఆగింది. స్రవంతి దిగింది. ఆమె చేతిలో సంచి లేదు. జుట్టు తడిసి ముఖానికి అంటుకుంది. ఎవరినీ పలకరించలేదు. తిన్నగా వచ్చి మల్లికార్జున్ భుజం మీంచి అఖిలేష్‌ను లాక్కొని, గడప మీద కూర్చొని, బనియను పైకెత్తింది. గొడుగులన్నీ ఆమె చుట్టూ మూగాయి.

ఆమె వీపును చూసింది. బనియను లోపలి వైపు తిప్పి చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. కొంగు చివర ముసురులోనే తడిపి, పిల్లాడి వీపు మీద ఒక్కసారి గట్టిగా తుడిచింది. కొంగు గులాబీరంగయింది. వీపు తెల్లబడింది.



"బనియన్లు ఎవరు నానబెట్టిన్రు?" అంది స్రవంతి.

"నేనే," అన్నాడు మల్లికార్జున్.

"కాదు బిడ్డా, నేను నానబెట్టిన," అంది సుభద్రమ్మ.

"నేను గూడ ఏసిన తొట్ల," అన్నాడు అఖిలేష్ గర్వంగా.

"నేను పొద్దటిసంది చెప్తనే ఉన్న. ఎవ్వరు ఇనలే," అంది యామిని. అని, నాయిన భుజం మీదే తల పెట్టుకుంది.

జమ్ములమ్మ నెమ్మదిగా గొడుగు తెరిచింది. "పోసినా తల్లి దయే, పొయ్యకున్నా తల్లి దయే," అని వెళ్ళిపోయింది. ఆమె వెనక మిగిలిన గొడుగులూ ఒక్కొక్కటిగా కదిలాయి. నిరోష మాత్రం ఖాళీ పాల గ్లాసు తీసుకోవడానికి ఆగి, "ఏదైతేంది అక్కా, పిల్లలు మంచిగున్నరు," అని పోయింది.

వాళ్ళంతా పోయాక స్రవంతి గడప మీదే కూర్చొని ఏడ్చింది. వనపర్తి నుంచి ఇక్కడిదాకా బస్సులో నిలబడే వచ్చిందట. సీటు ఇస్తే కూర్చోలేదట. కూర్చుంటే బస్సు నెమ్మదిగా పోతుందేమోనని భయమట. ఆ మాట తానే చెప్పి, తానే విని, ఏడుపు మధ్యలో నవ్వేసింది. మల్లికార్జున్ పక్కన కూర్చున్నాడు. ఆదివారం నుంచి జరిగిందంతా మొదటి దారం ముడి దగ్గర మొదలుపెట్టి చెప్పాడు. ఎక్కడా దాచలేదు.

"మరి జ్వరమని ఎందుకు చెప్పినవయ్యా?"

"బట్టల్లేవని చెప్పలేక."

స్రవంతి అతని ముఖంలోకి చూసింది. తిట్టడానికి మాటలు సిద్ధంగానే ఉన్నట్టున్నాయి. కాని అతని కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. అది మాత్రం రంగు కాదని ఆమెకు తెలిసింది. అతని తల మీది తడిని అదే కొంగుతో తుడిచింది. అతని జుట్టులో ఒక పక్క గులాబీ చార మిగిలిపోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో నాలుగు తాళ్ళు కట్టారు. ఎండ లేదు కాబట్టి ఫ్యాను కింద, మగ్గం పైన, తలుపుకూ కిటికీకీ మధ్య బట్టలు వేలాడాయి. మగ్గం గుంజకు తాడు కట్టడానికి ఇన్నేళ్ళలో మల్లికార్జున్ ఒప్పుకోవడం అదే మొదలు. తాడు అతనే కట్టాడు. కొన్ని బట్టలకు ఇంకా దారాలున్నాయి. అవన్నీ ఇప్పుడు గులాబీరంగే.

"ఇన్ని బట్టలు ఒక్క తీరుగ కలిసిపోయి ఉంటయి గద. ఏది మాసింది, ఏది మాయలేదు, నీకెట్ల ఎరుకైతది?" అని అడిగాడు, నిజంగానే తెలుసుకోవాలని.

స్రవంతికి ఆ ప్రశ్న వింతగా తోచింది. దానికి జవాబు ఉంటుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. ఒక చిన్న నిక్కరు పిండి దులిపి తాడు మీద వేసింది.

"పొద్దుగాల తొడిగేటప్పుడు నేనుంట. సాయంత్రం ఇడిసేటప్పుడు నేనుంట. నడుమ ఏమైందో వాళ్ళు చెప్తుంటే ఇంట. గంతే."

మల్లికార్జున్ ఆ నిక్కరును తాడు మీద ముడతలు లేకుండా పరిచాడు. కాసేపటికి, "రేపు పొద్దుగాల నేను తొడుగుత," అన్నాడు. స్రవంతి సరేనంది. పసిబిడ్డ ఎలా ఉందని అతనడిగాడు. ముక్కు అచ్చం తన చెల్లెలిదేనని ఆమె చెప్పింది. వనపర్తికి మళ్ళీ బుధవారం పోతానంది.

మంగళవారం కూడా ముసురు వదల్లేదు. మల్లికార్జున్ అన్నమాట ప్రకారం పిల్లలిద్దరికీ కొత్త యూనిఫాంలు తొడిగాడు. అఖిలేష్ నిక్కరు మోకాళ్ళు దాటింది కాని, దుకాణంలో చేత్తో చూపించిన కొలతకు అది బాగా వచ్చినట్టే. ఎనిమిదింబావుకు ఆటో వచ్చింది. పిల్లలిద్దరూ ఎక్కారు. సతీష్ రెండు గడపల అవతల హారను కొట్టాడు. వినయ్ రాలేదు. తలుపు ఓరగా తెరిచి నిరోష తల బయట పెట్టింది. ఆమె వెనక వినయ్ తువ్వాలు చుట్టుకొని నిలబడి ఉన్నాడు. ఇంట్లో తాడు మీద వాడి సమస్త వస్త్రాలూ పసుపుపచ్చగా, నీళ్ళోడుతూ వేలాడుతున్నాయి.

"ఇయ్యాల రాడు సతీష్. జర ఒంట్ల..." అని ఆగి, నిరోష తలుపు వేసుకుంది.

పక్కింటి ముందూ అంతే. ఆ పక్కింటి ముందూ అంతే. నిన్న గ్రూపులో వాయిస్ విన్న ప్రతి ఇంట్లోనూ బీరువాలు ఖాళీ అయ్యాయి. తర్వాత జబ్బు లేదని తెలిసింది గాని, అప్పటికే నానిన బట్టలను ఎండ లేని వీధిలో ఆరబెట్టగల మొనగాడు ఎవరూ లేడు. వీధి చివరిదాకా హారను కొట్టుకుంటూ పోయిన సతీష్ ఆటోలో చివరికి యామిని, అఖిలేష్ మాత్రమే మిగిలారు.

తొమ్మిదిన్నరకు మల్లికార్జున్ ఫోను మోగింది. బడి నుంచి టీచరమ్మ.

"యామిని నాన్నగారా? నిన్న మీ పిల్లలకు ఒంట్లో బాగాలేదని ఆటో అతను చెప్పాడు. ఈరోజు మీ వీధి నుంచి పదకొండు మంది రాలేదండీ. అందరికీ ఒంట్లో బాగాలేదటగా. మీ పిల్లల నుంచే అంటుకున్నట్టుంది. మిగతా పిల్లల క్షేమం కూడా మేం చూడాలి కదా, ఏమీ అనుకోవద్దు. మీవాళ్ళను మూడు రోజులు ఇంట్లోనే ఉంచండి. ఆటోలో పంపిస్తున్నాను."

మల్లికార్జున్ మొత్తం చెప్పడానికి నోరు తెరిచాడు. మొదటి దారం ముడి దగ్గర మొదలుపెట్టాలి. అంతసేపు టీచరమ్మ వినేలా లేదు.

"సరే మేడం," అన్నాడు.

ఆ రోజు ఆ వీధిలో ఒంటినిండా పొడిబట్టలున్న పిల్లలు ఇద్దరే. బడికి రావద్దన్నదీ ఆ ఇద్దరినే.